కాడి పుండు ఎద్దు రాత కాదు

కావలి నుంచి తడ దాకా పాత నెల్లూరు జిల్లా తీరంలో ఎద్దులున్న ఏ ఇంటికైనా వెళ్ళి మెడ మీది పుండు సంగతి అడగండి. ఊరు మారినా జవాబు మారదు. "పనిచేసే ఎద్దన్నాక పుండు పడకుండా ఎట్టుంటాదబ్బయ్యా?" సంతలో బేరగాడు ఇదే అంటాడు, బండి తోలే మనిషి ఇదే అంటాడు, పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ సంక్రాంతికి ఊరొచ్చిన కొడుకూ ఇదే అంటాడు. ఈ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పేముందు దాని వెనకున్న వాదాన్ని బలం తగ్గించకుండా ముందు పెడతాను.

ఆ వాదం ఇలా నడుస్తుంది. కాడి కట్టడం నిన్నమొన్నటి పద్ధతి కాదు. మన ఎద్దుకు మూపురం ఉంది, కాడి దానికి ఆనుకుని నిలుస్తుంది. ఇంత చవకగా, ఇంత తేలిగ్గా, ఊళ్ళోనే తయారయ్యే సాధనం మరొకటి లేదు. కొత్తగా కాడి కట్టిన కోడెకు మెడ ఒరుసుకుపోతుంది, నిజమే. కొన్నాళ్ళకు చర్మం కాయగాచి గట్టిపడుతుంది. గట్టిపడకపోతే లోపం ఆ ఎద్దు మెడలోనే ఉంది. మూపురం పక్కకు వాలి ఉంటుంది, లేదా మెడ సన్నం, లేదా జతగాడికంటే పొట్టి. అలాంటి ఎద్దును సంతకు తోలి మంచి మెడ ఉన్నదాన్ని తెచ్చుకోవాలి గానీ ఎద్దుకో కాడి చెక్కించుకుంటూ కూర్చుంటే సేద్యం సాగదు. పైగా మన తీరంలో వానాకాలం తడి, ఈగలు. పుండు పడటానికి అవే చాలు. ఇక ట్రాక్టర్లు వచ్చాక ఎద్దు మెడ గురించి మాట్లాడటమే దండగ.

ఇందులో నిజాలు లేకపోలేదు. కాడి చవక, చర్మం కొంత గట్టిపడటం నిజం, ఈగలు నిజం, ట్రాక్టర్లు నిజం. కానీ ఈ నిజాలన్నీ కలిపినా "పుండు తప్పదు" అన్న తీర్పు రాదు. ఒక్కొక్కటే చూద్దాం.

1. మూపురం కాడి కోసం పుట్టింది కాదు

మూపురం కండ, కొవ్వు. కాడి నిజంగా ఆనేది మూపురానికి ముందు, మెడ పైభాగం మూపురాన్ని కలిసే చోట. అక్కడ చర్మం కింద పెద్ద మెత్త ఏమీ లేదు. మెడను నిలబెట్టే బలమైన నరం లాంటి పట్టీ ఉంటుంది, దాని కిందనే వెన్నెముక కొసలు ఉంటాయి. మూపురం ఉండటం వల్ల కాడి వెనక్కి జారకుండా ఆగుతుంది, అంతే. ఆగడానికి చోటు ఉండటం వేరు, బరువు లాగడానికి ఆ చోటు తగినది కావడం వేరు. ఈ రెండింటినీ ఒకటి చేసేయడంలోనే వాదం మొదటి అడుగు తప్పింది.

చిన్న లెక్క వేద్దాం. 400 కిలోల ఎద్దు గంటల తరబడి పని చేసేటప్పుడు సుమారుగా తన బరువులో పదో వంతు బలంతో లాగుతుందని వ్యవసాయ ఇంజనీర్లు లెక్కగడతారు. అంటే 40 కిలోలు. కాడి మెడకు ఆనే చోటు అరచేయంత, 100 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 400 గ్రాములు. రక్తపోటు కొలిచే పాదరసం లెక్కలో చెప్పాలంటే 290 మిల్లీమీటర్లకు పైమాటే. మంచానపడ్డ రోగికి ఒత్తిడి పుండ్లు పడకుండా చూసే నర్సులకు, డాక్టర్లకు మరో అంకె తెలుసు. మనిషి చర్మంలోని సన్నటి రక్తనాళాల్లో పీడనం 32 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అంతకు మించిన ఒత్తిడి ఎడతెగకుండా పడితే అక్కడి కండకు రక్తం అందదు.

ఎద్దు తోలు మనిషి చర్మం కంటే దళసరి. కాడి ఒత్తిడి అడుగడుక్కీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. కాబట్టి ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తొమ్మిది రెట్లని తేల్చేయడం న్యాయం కాదు, నేను తేల్చడం లేదు. కానీ ఈ లెక్క ఒక సంగతి మాత్రం దాపరికం లేకుండా చూపిస్తుంది. పుండు పడటం, పడకపోవడం లాగే బరువు ఒక్కదాని మీద ఆధారపడి లేదు, ఆ బరువు ఎంత చోటు మీద పరుచుకుంటుందన్న దాని మీద కూడా ఉంది. చోటు రెట్టింపైతే ఒత్తిడి సగమవుతుంది. మెడ ఆకారానికి చెక్కని గుండ్రటి కర్రను పెడితే అరచేయంత చోటు కూడా దొరకదు, బరువంతా రెండు వేళ్ళ వెడల్పు గీత మీదకు వస్తుంది. ఎద్దు అదే, పొలం అదే, నాగలి అదే. పుండు పడే మెడకూ పడని మెడకూ మధ్య తేడా చాలాసార్లు వడ్రంగి బాడిస పెట్టాడా లేదా అన్నదే.

2. కాయగాచిన మెడ గట్టి మెడ కాదు

ఈ మాటలో సగం నిజం ఉంది కాబట్టే ఇది ఎక్కువ హాని చేస్తుంది. కోడెను మెల్లగా, తక్కువ బరువుతో, రోజుకు కొంచెం కొంచెం పెంచుతూ పనికి అలవాటు చేస్తే చర్మం దళసరి అవుతుంది. అది ఆరోగ్యమైన మార్పు. అలా తయారైన మెడ మీద వెంట్రుక ఉంటుంది, చేత్తో పట్టుకుంటే తోలు కదులుతుంది, నొక్కితే ఎద్దు ఉలిక్కిపడదు.

మనవాళ్ళు కాయ అని చూపించేది చాలాసార్లు అది కాదు. ఒకసారి ఒరుసుకుపోయి, చీము పట్టి, మానీ మానకుండానే మళ్ళీ కాడి కిందకు వెళ్ళి, అలా మూడు నాలుగు పంటలు గడిచాక మిగిలిన మచ్చ అది. వెంట్రుక ఉండదు. తోలు కిందికి అతుక్కుపోయి కదలదు. దానికి సాగే గుణం పోయింది కాబట్టి వానకు నాని, ఎండకు పగులుతుంది. లోపల గట్టి గడ్డ తయారవుతుంది. కొన్నిటికి నిమ్మకాయంత, కొన్నిటికి అంతకంటే పెద్దది. పశువైద్యులు కత్తి పెట్టి తీయాల్సి వచ్చేవి ఇవే.

గడ్డ వచ్చాక మెడ ఆకారమే మారిపోతుంది. నిన్నటి దాకా అంతో ఇంతో సరిపోయిన కాడి ఇప్పుడు ఆ గడ్డ మీదే ఆనుతుంది. ఒత్తిడి ఆ ఒక్క చోటకే చేరుతుంది, గడ్డ ఇంకా పెరుగుతుంది. "అదే సర్దుకుంటుంది" అని వదిలేసినవాళ్ళు చూస్తున్నది సర్దుబాటు కాదు, ఒకదాన్నొకటి పెంచుకునే రెండు జబ్బులు. అన్నిటికంటే ముఖ్యమైన మాట, కాయగాచాక ఎద్దు నొప్పి చూపించడం మానేసిందంటే నొప్పి పోయిందని కాదు. తల విదిలించినా, వెనక్కి లాగినా ముల్లుగర్ర పడుతుందని అది నేర్చుకుంది.

3. లోపం మెడది కాదు, కొలత లేని కాడిది

నా అసలు పోట్లాట ఇక్కడే. "ఆ ఎద్దు మెడ బాగాలేదు" అన్న మాట మన సంతల్లో ఎంత తేలిగ్గా పడుతుందో చూస్తే, కొలత అనేది ఒకటుందని మనం మర్చిపోయామనిపిస్తుంది. చెప్పు కరిస్తే చెప్పును మారుస్తాం, కాలు కోసుకోం. ఎద్దు దగ్గరకు వచ్చేసరికి ఈ మాత్రం ఇంగితం ఎక్కడికి పోతుంది?

కష్టమైన మెడలు ఉన్నాయి. వాటిని కాదనడం లేదు. ఒక్కోదానికి ఏం చేయొచ్చో చూద్దాం.

మూపురం ఒక పక్కకు వాలిన ఎద్దు. ఒంగోలు జాతి లక్షణాల్లో మగదానికి మూపురం నిటారుగా, రెండు పక్కలా నిండుగా, వాలకుండా ఉండాలంటారు. వాలితే అందాల పోటీల్లో పేరు రాదు, ఆబోతుగా నిలబెట్టరు, కొట్టించి కాడికి కడతారు. అంటే కాడి పెట్టడానికి ఎక్కువ కష్టమైన మెడలే ఎక్కువగా కాడి కిందకు వస్తున్నాయి. ఇలాంటి మెడ మీద తిన్నని కాడిమాను ఒక పక్కనే ఆనుతుంది, అడుగు వేసినప్పుడల్లా రెండో పక్కకు దొర్లి ఒరుస్తుంది. దీనికి మందు ఎద్దును అమ్మడం కాదు. కాడి అడుగున రెండు పక్కలా ఒకే లోతు చెక్కకుండా, వాలిన వైపు ఎక్కువ, రెండో వైపు తక్కువ చెక్కితే కాడి రెండు పక్కలా ఆనుతుంది.

ఎగుడుదిగుడు జత. దాపటి ఎద్దు ఎత్తు, వలపటి ఎద్దు పొట్టి. కాడి ఒక పక్కకు వాలుతుంది, దాంతో రెండు మెడల మీదా కాడి పూర్తిగా ఆనదు, అంచు మీద నిలబడుతుంది. పుండు కూడా ఆ అంచు కిందే పడుతుంది. ఎత్తైన ఎద్దు వైపు గాడి రెండు వేళ్ళు ఎక్కువ లోతుగా చెక్కినా, పొట్టి ఎద్దు వైపు అడుగున చెక్క ముక్క బిగించినా కాడి సమంగా నిలుస్తుంది. నొగ కట్టే చోటును బలమైన ఎద్దు వైపు కాస్త జరిపితే బలహీనమైనదాని మీద బరువు తగ్గుతుందన్న సంగతి మన రైతుకు తరాల నుంచీ తెలుసు. అంటే ఎద్దును బట్టి కాడిని మార్చాలన్న సూత్రం ఊళ్ళో ఉన్నదే. అది నొగ దగ్గరే ఆగిపోయింది, మెడ దగ్గరకు రాలేదు.

తర్వాతిది ఎవరూ లెక్కలోకి తీసుకోనిది. ఒకే ఎద్దు మెడ ఏడాది పొడుగునా ఒకలా ఉండదు. మన తీరంలో పెద్ద పంటకు దుక్కులు ఈశాన్య రుతుపవనాల వానలతో, అక్టోబరు తర్వాత. అప్పటికి పచ్చిక ఉంటుంది, ఎద్దు ఒళ్ళు చేసి ఉంటుంది. సోమశిల జలాశయం నీళ్ళు వదిలిన ఏడు ఎడగారు, అంటే రెండో పంట, వేస్తారు. ఆ పని నడిచేది ఎండల్లో, మేత తగ్గి, ఎద్దు డొక్కలు కనిపించే రోజుల్లో. మేత తగ్గితే ముందు కరిగేది కొవ్వు, మూపురంలోనూ కొవ్వు ఉంది. సంక్రాంతికి సరిపోయిన కాడి రోహిణి కార్తెకు సరిపోదు. గుర్రపు జీను చేసేవాళ్ళు ఇదే సంగతిని మొదటి పాఠంగా చెబుతారు. గుర్రం ఒళ్ళు చేసినా, తగ్గినా జీను మళ్ళీ సరిచూడాలి. మనం మాత్రం ఒకసారి చేయించిన కాడిని ఎద్దు చచ్చేదాకా, ఆ తర్వాత వచ్చిన ఎద్దు మీదా, దాని తర్వాతి ఎద్దు మీదా వేస్తున్నాం.

కొలత తీయడం కష్టమా? మెత్తగా వంగే అల్యూమినియం తీగ ఒకటి చాలు. ఎద్దును చదును నేల మీద నిలబెట్టి, తల మేత తినే తీరులో కిందికి కాకుండా పనిలో ఉండే ఎత్తులో ఉంచి, మూపురానికి ముందు కాడి ఆనే చోట తీగను మెడ మీద అడ్డంగా వంచాలి. దాన్ని కదలకుండా తీసి అట్టముక్క మీద గీస్తే మెడ ఆకారం చేతికొస్తుంది. తల కిందికి దించితే మెడ మారిపోతుంది కాబట్టి తల ఎత్తు సంగతి మర్చిపోకూడదు. ఆ గీతను చూసి వడ్రంగి కాడి అడుగు చెక్కుతాడు, అంచులు గుండ్రం చేస్తాడు, నున్నగా తోముతాడు. జీనుకు కొలత ఇలాగే తీస్తారు. ఎద్దు మెడకు ఎందుకు తీయకూడదో చెప్పే కారణం నాకింతవరకూ ఎవరి దగ్గరా వినబడలేదు.

బయటి దేశాల్లో ఎద్దులతో సేద్యం చేసినవాళ్ళు ఇది ఎప్పుడో తెలుసుకున్నారు. ఐరోపా పశువులకు మూపురం లేదు, చాలాచోట్ల కాడిని కొమ్ములకు, తలకు కట్టేవాళ్ళు. నైరుతి ఫ్రాన్సు పల్లెల్లో ఆ తలకాడిని ఒక జతకు కొలిచి చెక్కేవాళ్ళు. అమెరికాలో న్యూ ఇంగ్లండ్ వైపు ఇప్పటికీ ఎద్దులు తోలేవాళ్ళు మెడ చుట్టూ వచ్చే వంపు కర్రను అంగుళాల్లో కొలిచి, దూడ ఎదిగేకొద్దీ పెద్దది మారుస్తారు. వాళ్ళు మనకంటే జాలిగలవాళ్ళని నేను చెప్పడం లేదు. ఎద్దు పనిచేయాలి కాబట్టి కొలిచారు.

ఒక మాట మన తెల్ల ఎద్దుల గురించి. నల్లటి, ఎర్రటి గుర్రం వీపు మీద జీను ఒత్తిన చోట తర్వాత తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. జీను తెలిసినవాడు దూరం నుంచే చూసి ఇక్కడ తప్పు జరిగిందని చెప్పేస్తాడు. ఒంగోలు ఎద్దు ఒళ్ళు చాలావరకు తెలుపే. ఆ గుర్తు దాని మీద తేలిగ్గా కనిపించదు. అందుకే మన ఎద్దుకు కళ్ళతో చూస్తే సరిపోదు, కాడి దించిన వెంటనే అరచేయి పెట్టి తడమాలి. ఒక చోట వేడిగా ఉందా, ఉబ్బిందా, వెంట్రుక పలచబడిందా, నొక్కితే తోలు వణుకుతుందా? పుండు పడటానికి చాలా రోజుల ముందే ఈ నాలుగూ కనిపిస్తాయి. "నిన్నటిదాకా ఏమీ లేదు, తెల్లారేసరికి పుండైంది" అనే మాట నమ్మదగింది కాదు. నిన్న ఎవరూ చెయ్యి పెట్టి చూడలేదు, అంతే.

4. గోనెసంచి చుట్టి ఊరుకోవడం

కొందరు మనసున్నవాళ్ళు కాడికి గోనెసంచి చుడతారు, పాత చీర చుడతారు, సైకిల్ ట్యూబు కడతారు. వాళ్ళ మనసును తప్పుపట్టను. కానీ ఆకారం సరిపోని కాడికి మెత్త చుడితే ఉన్న చోటు ఇంకా ఇరుకవుతుంది, ఒత్తేది ఇంకా ఒత్తుతుంది. గోనె తడిస్తే గరుకెక్కి ఒరుస్తుంది, ట్యూబు గాలి ఆడనివ్వక చెమటను పట్టి ఉంచుతుంది. చెక్కడం ముందు, మెత్త తర్వాత. ఈ వరస తిరగబడితే మెత్త కూడా హానే.

5. తడి, ఈగలు, ఇసుక

ఇందులో ఒక సంగతిని ఒప్పుకుని తీరాలి. తూర్పు తీరం పశువుల్లో మూపురం మీద వచ్చే పుండ్లన్నీ కాడి వల్ల వచ్చేవి కావు. ఈగలు మోసుకొచ్చే స్టెఫనోఫైలేరియా అనే సన్నటి పురుగు చర్మంలో చేరి మూపురం మీద పొక్కులు, రసికారే పుండ్లు తెస్తుంది. కాడి ఎరగని ఆవులకూ వస్తుంది. దానికి మందు వేరు, పశువైద్యుడే చూడాలి. ఈ రెండు పుండ్లకూ తేడా తెలియక వేపనూనె, పసుపు రాసి ఊరుకునేవాళ్ళు ఎంతోమంది.

కానీ దీని నుంచి ఏం తేలుతుంది? ఈగ పుండు ఉన్న మెడ మీద కాడి వేస్తే అది మానదు. కాడి ఒరిపిడితో తెరుచుకున్న పుండు మీద ఈగ వాలకుండా ఉండదు. రెండు దారులూ కాడిని సరిచేయాల్సిన అవసరాన్ని పెంచుతాయే తప్ప తగ్గించవు. తడి సంగతీ అంతే. దమ్ములో రోజంతా నానిన చర్మం మెత్తబడి తొందరగా ఒరుసుకుపోతుందంటే, ఆ రోజుల్లో కాడి ఇంకా సరిగ్గా ఉండాలి, పని గంటలు ఇంకా తగ్గాలి అని అర్థం. తడిని తిట్టి చేతులు దులుపుకోవడం జవాబు కాదు.

ఇసుక నేల మాట ఇంకా సూటిగా ఎదురు తిరుగుతుంది. మైపాడు, కోడూరు, తూపిలిపాళెం వైపు సరుగుడు తోటల్లోంచి కర్ర లాగే బండి, మెత్తటి ఇసుకలో చక్రం దిగబడుతుంటే, గట్టి రోడ్డు మీద కంటే ఎన్నో రెట్లు బలం అడుగుతుంది. ఆ బలమంతా పోయేది మెడలోంచే. పైగా రెండు చక్రాల బండికి తూకం ఒకటి ఉంది. ముందు బరువైతే కాడి మెడ మీద కూర్చుంటుంది, వెనక బరువైతే నొగ పైకి లేచి గొంతు దగ్గర తాడు బిగుసుకుంటుంది. కాలవ కట్ట దిగేటప్పుడు బ్రేకు లేని బండిని ఆపేది కూడా ఎద్దు మెడే. వీటిలో ఏ ఒక్కటీ ఎద్దు రాత కాదు, అన్నీ మనిషి సరిచేయగలిగినవే.

కొయ్య చక్రాల బండి పోయి టైరు బండి వచ్చింది. బేరింగులు వచ్చాయి. బరువు ఎక్కువ పడుతుందని సంతోషించాం. ఐఐఎం బెంగళూరు తొలి డైరెక్టర్ ఎన్. ఎస్. రామస్వామి ఏళ్ళ తరబడి ఎడ్లబండిని బాగుచేయాలని ఊరూరా చెప్పిన మనిషి. బండితో పాటు కాడి కూడా మారాలని, ఎద్దు మెడ నలిగిపోతోందని ఆయన చెప్పినదాంట్లో మనం చక్రం వరకే విన్నాం. చక్రం మారింది, ఇరుసు మారింది, మీద పడే బరువు పెరిగింది. కాడి మాత్రం తాతల నాటిదే. పెరిగిన బరువు ఎక్కడికి చేరిందో వేరే చెప్పక్కర్లేదు.

6. ట్రాక్టర్లు వచ్చేశాయి కదా

వచ్చాయి. పెన్నా డెల్టాలో ఎద్దులతో దుక్కి దున్నే రైతు ఇప్పుడు అరుదు. అయితే ఎద్దులు అసలు లేవా? చిన్న కమతాల మూలల్లో, ట్రాక్టరు దిగని తోటల్లో, ఇసుక తోలే బండ్లకు, సరుగుడు కర్రకు, ఇంకా ఎద్దు కావాలి. ఉన్న ఎద్దులు తక్కువ కాబట్టి వాటి మెడ గురించి మాట్లాడక్కర్లేదనడం ఏ తర్కం? తక్కువయ్యేకొద్దీ వాటి పరిస్థితి చెడుతోంది. ఊళ్ళో పది జతలు ఉన్నప్పుడు ఎత్తుకు ఎత్తు చూసి జత కలుపుకోవడానికి వీలుండేది. రెండు జతలు మిగిలాక దొరికినదాన్ని దొరికినదానితో కడుతున్నారు. కాడి చెక్కడం తెలిసిన వడ్రంగి తలుపులు, మంచాలు చేసుకుంటూ పట్నం చేరాడు. తోలేవాడు కూడా సొంత ఎద్దు ఉన్న రైతు కాకపోవచ్చు, రోజు కూలికి బండి తోలే కుర్రాడు కావచ్చు. అంటే సరిపోని కాడి పడే అవకాశం ట్రాక్టర్ల కాలంలోనే ఎక్కువ.

ఖర్చు మాట ఎత్తేవాళ్ళకు ఒక్క లెక్క చాలు. మంచి ఒంగోలు జత కొనాలంటే లక్షల మాట. కాడి చెక్కించడానికి కావలసింది ఒక మాను, వడ్రంగికి ఒకటి రెండు రోజుల కూలి. నాట్ల రోజుల్లో పుండుపడ్డ ఎద్దును పక్కన పెట్టాల్సి వస్తే పోయేది అంతకంటే ఎక్కువే. పక్కన పెట్టకుండా లాగిస్తే ఇంకా ఎక్కువ పోతుంది, కాకపోతే అది ఎద్దు ఒంట్లోంచి పోతుంది కాబట్టి మన లెక్కలోకి రాదు. ఎద్దు పుండు కాకికి నొప్పా అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మన ఒంగోలు జాతి ఎద్దు పంతొమ్మిదో శతాబ్దంలో సముద్రం దాటి బ్రెజిల్ వెళ్ళింది. అక్కడ దాన్ని మన జిల్లా పేరుతోనే నెలోర్ అంటారు. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 43 లక్షల డాలర్లు పలికిందని, అది ప్రపంచ రికార్డని మన పత్రికలన్నీ రాశాయి, మనమంతా గర్వపడ్డాం. గర్వపడాల్సిందే. కానీ ఆ పేరు ఇచ్చిన జిల్లాలో అదే రక్తం ఉన్న ఎద్దు మెడ మీద చీముగడ్డతో ఇసుక బండి లాగుతుంటే "మామూలే" అనడం ఆ గర్వానికి ఎలా పొసుగుతుంది?

7. చట్టం ఏం చూసింది, ఏం చూడలేదు

"పుండు తప్పదు" అనేవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి, పుండు ఉన్న పశువుతో పని చేయించడం ఈ దేశంలో నేరం. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పదకొండో సెక్షన్ వయసు, జబ్బు, గాయం, పుండు వల్ల పనికి తగని పశువును పనికి పెట్టడాన్ని పేరు పెట్టి నిషేధించింది. మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. అరవై ఏళ్ళు దాటినా ఆ యాభై యాభైగానే ఉంది. బరువు లాగే, మోసే పశువుల కోసం 1965లో వేరే నియమాలు వచ్చాయి. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా ఐదు గంటలు దాటకూడదు, 37 డిగ్రీలు దాటే ఎండలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కట్టకూడదు. ముళ్ళు, గుబ్బలు, పొడుచుకొచ్చిన భాగాలు ఉన్న కాడి వాడకూడదు.

ఆ నియమాల్లోనే గుర్రం కోసం ప్రత్యేకంగా ఒకటి ఉంది. జీను గుర్రం మూపు మీద నేరుగా ఆనకూడదు, జీను వంపుకూ మూపుకూ మధ్య తగినంత ఖాళీ ఉండాలి. ఇది చదివాక నాకు కోపం వచ్చింది. 1965లోనే చట్టం రాసినవాళ్ళకు ఒక సంగతి తెలుసు: సాధనం నున్నగా ఉండటం చాలదు, ఆ పశువు ఒంటికి సరిపోవాలి. పెళ్ళి ఊరేగింపులో గంటసేపు నడిచే గుర్రానికి ఆ జ్ఞానం వర్తించింది. దేశానికి అన్నం పెట్టిన ఎద్దు మెడకు మాత్రం ముళ్ళు లేకపోతే చాలన్నారు. ముళ్ళు లేని, గుబ్బలు లేని, అయినా మెడ ఆకారానికి ఏమాత్రం సరిపోని కాడి చట్టం దృష్టిలో మంచి కాడే. పుండు పడ్డాక నేరం, పుండు పడే కాడి వేయడం నేరం కాదు. గుర్రం జీనుకు రాసిన వాక్యం లాంటిదే ఎద్దు కాడికీ రాయాలి: కాడి మెడ ఆకారానికి చెక్కి ఉండాలి, అంచు మీద కాకుండా పూర్తిగా ఆనాలి.

చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. పుండుపడ్డ ఎద్దును జరిమానాతో బాగుచేయలేం, కూలికి బండి తోలే కుర్రాడి మీద కేసు పెట్టి ఏం సాధిస్తాం? గ్రామాల్లో పశువైద్య శిబిరం పెట్టినప్పుడు టీకా వేసే చేత్తోనే మెడ తడమాలి, పుండు కనిపిస్తే పూత మందు ఇచ్చి పంపకుండా కాడి తెమ్మని అడగాలి. ఏ చోట అరిగిందో, ఏ చోట జిడ్డుపట్టి నున్నబడిందో కాడి అడుగే చూపిస్తుంది. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, నెల్లూరు దానికి పక్క జిల్లా. కొలత తీసే పద్ధతి, చెక్కే పద్ధతి వడ్రంగులకు నేర్పడానికి పెద్ద పరిశోధన ఏమీ అవసరం లేదు. నాలుగు ఊళ్ళు, కదలని బల్లలు, పది మంది పనివాళ్ళు చాలు.

రైతుకు నేను చెప్పేది ఇంకా చిన్నది. పుండు ఉన్న ఎద్దు మీద మానేదాకా కాడి వేయొద్దు. మానాక అదే కాడి వేయొద్దు. సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూస్తారు, సుళ్ళు చూస్తారు, నడిపించి చూస్తారు. మెడ మీద అరచేయి పెట్టి గట్టిగా నొక్కి కూడా చూడండి. మచ్చ కనిపిస్తే ధర తగ్గించమని అడగడం కాదు, ఆ ఎద్దు ఇన్నాళ్ళూ మోసిన కాడిని తెచ్చి చూపించమని అడగండి.